పోరస్ ప్లాటినం: ఆర్‌డీఈలో అదరగొట్టింది, సెల్‌లో చతికిలబడింది. పొరపాటు ఎక్కడ?

రంధ్రాన్వేషి · సోమవారం, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. పీహెచ్‌డీ మూడో ఏడు నడుస్తోంది. ఫ్యూయల్ సెల్ (హైడ్రోజన్, ఆక్సిజన్ కలిపి కరెంటు తీసే సెల్) కేథోడ్ కోసం, అంటే ఆక్సిజన్ వైపు ఎలక్ట్రోడ్ కోసం, పోరస్ ప్లాటినం, అంటే రంధ్రాల ప్లాటినం, చేస్తున్నాను. ఆరు నెలలుగా ఒకే చోట ఇరుక్కుపోయాను. మా ల్యాబ్‌లో సెల్ పని చేతులతో చేసినవాళ్లు ఎవరూ లేరు, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

చేసింది ఇదీ. పరమాణువుల లెక్కన ప్లాటినం ఒక పాలు, రాగి మూడు పాళ్లు ఉండేలా కార్బన్ మీద మిశ్రలోహపు కణాలు పెంచాను. ఒక్కొక్కటి 40 నానోమీటర్లు. వాటిని ఆసిడ్‌లో వేసి రాగిని బయటికి లాగేశాను. మిగిలింది ప్లాటినం స్పాంజి. టెమ్‌లో, అంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో, చూస్తే పగడపు దిబ్బలా ఉంది. 5 నానోమీటర్ల మందం పోగులు, వాటి మధ్య 2, 3 నానోమీటర్ల సందులు. ఆ బొమ్మ చూసిన రోజు నిద్ర పట్టలేదు.

ఆర్‌డీఈలో, అంటే తిరిగే డిస్కు ఎలక్ట్రోడ్ మీద, 0.1 మోలార్ పెర్‌క్లోరిక్ ఆసిడ్‌లో నిమిషానికి 1600 చుట్లతో కొలిచాను. 0.9 వోల్టుల దగ్గర గ్రాము ప్లాటినానికి వచ్చే కరెంటు, మార్కెట్లో కొనే ప్లాటినం-కార్బన్ పొడి కంటే నాలుగింతలు ఉంది.

తర్వాత అదే పొడితో 5 చదరపు సెంటీమీటర్ల ఎంఈఏ (మెంబ్రేన్‌కి రెండు వైపులా ఎలక్ట్రోడ్లు అతికించిన, సెల్‌కి గుండెకాయలాంటి భాగం) కట్టాను. కేథోడ్ మీద చదరపు సెంటీమీటరుకి 0.1 మిల్లీగ్రాము ప్లాటినం. తక్కువ కరెంటు దగ్గర మనదే పైచేయి. చదరపు సెంటీమీటరుకి 0.8 ఆంపియర్లు దాటగానే వోల్టేజీ గీత ఒక్కసారిగా కిందికి వంగిపోయింది. మార్కెట్ పొడి దాన్ని దాటేసింది. రెండు వారాల తర్వాత మళ్లీ కొలిస్తే ఇంకా కింద ఉంది. చర్యకి అందే ఎలక్ట్రోకెమికల్ విస్తీర్ణం మాది గ్రాముకి 38 చదరపు మీటర్లు, మార్కెట్ పొడిది 70.

మా సార్ ఆర్‌డీఈ డేటాతో పేపర్ రాసేద్దాం అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. ఎక్కడ తప్పు చేశాను?

---

సెకండియర్_సీటు · సోమవారం, రాత్రి 11:20

అన్నా, మధ్యలో దూరినందుకు ఏమనుకోకండి. నేను బీటెక్ సెకండియర్. ప్లాటినమే ఎందుకు? అందులోనూ రంధ్రాలు ఎందుకు? ఎవరైనా కాస్త విడమరిచి చెప్తారా?

---

లెక్కల_మాస్టారు · మంగళవారం, ఉదయం 5:55

బాబూ, నీకు నేను చెప్తాను. ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పినవాణ్ని.

సెల్‌లో రెండు గట్లు. ఒక గట్టున హైడ్రోజన్ విడిపోయి ప్రోటాన్లు, ఎలక్ట్రాన్లు ఇస్తుంది. ప్లాటినం ఉంటే ఆ పని చిటికెలో అయిపోతుంది. అవతలి గట్టున ఆక్సిజన్ వాటిని కలుపుకుని నీరవ్వాలి. అక్కడే పేచీ. ఆక్సిజన్ అణువులో రెండు పరమాణువులు గట్టిగా పెనవేసుకుని ఉంటాయి. వాటిని విడదీసి నాలుగు ప్రోటాన్లు, నాలుగు ఎలక్ట్రాన్లు అందించాలి. సిద్ధాంతం ప్రకారం సెల్ 1.23 వోల్టులు ఇవ్వాలి. పనిలో పెడితే 0.6, 0.7 దగ్గర ఉంటుంది. పోయినదాంట్లో పెద్ద వాటా ఈ ఆక్సిజన్ గట్టుదే.

ప్లాటినం ఆక్సిజన్‌ని మరీ గట్టిగా పట్టుకోదు, మరీ వదులుగానూ పట్టుకోదు. పైగా 80 డిగ్రీల వేడిలో, ఆసిడ్‌లో, ఆ వోల్టేజీ దగ్గర నికెల్, రాగి, కోబాల్టు కరిగిపోతాయి. ప్లాటినం నిలబడుతుంది. ఉత్కృష్ట లోహం అన్న మాటకి ఇక్కడ అర్థం అది.

ఇక రంధ్రాలు. చర్య అంతా లోహం పైనే జరుగుతుంది. లోపలున్న పరమాణువు డబ్బు పెట్టి కొన్నదే, కానీ పని చేయదు. లెక్క చూడు. గోళానికి విస్తీర్ణాన్ని ఘనపరిమాణంతో భాగిస్తే 6/వ్యాసం. పొడవాటి పోగుకైతే 4/వ్యాసం. దాన్ని ప్లాటినం సాంద్రతతో, అంటే ఘన సెంటీమీటరుకి 21.45 గ్రాములతో భాగించు. 40 నానోమీటర్ల గట్టి గోళానికి గ్రాముకి 7 చదరపు మీటర్లే వస్తాయి. అదే గోళాన్ని తొలిచి 5 నానోమీటర్ల పోగులుగా మిగిల్చితే 37. ఐదింతలు!

రంధ్రాన్వేషి గారూ, మీరు కొలిచింది 38, నా లెక్కలో వచ్చింది 37. మీ టెమ్ బొమ్మ, మీ కొలత ఒకదాన్నొకటి బలపరుస్తున్నాయి. మీరు చేసిన వస్తువు నిజంగానే మీరు చెప్పిన వస్తువు. ముందు ఆ భయం వదిలేయండి.

---

సెకండియర్_సీటు · మంగళవారం, ఉదయం 8:03

థాంక్యూ మాస్టారూ. మరి 3 నానోమీటర్ల గోళాలైతే ఇంకా ఎక్కువ రావాలి కదా?

---

లెక్కల_మాస్టారు · మంగళవారం, ఉదయం 8:40

వస్తుంది, 93. మార్కెట్ పొడిలో ఉండేవి రమారమి ఆ సైజు గోళాలే. కార్బన్‌కి అతుక్కున్న వైపు, ఒకదానికొకటి ఒరుసుకున్న చోట కొంత పోయి 70కి దిగుతుంది. చిన్న గోళానికి ఉన్న చిక్కు, అది నిలకడగా ఉండదు. వోల్టేజీ పైకీ కిందికీ ఊగుతుంటే చిన్నవి కరిగి పెద్దవాటి మీద పేరుకుంటాయి. కింద కార్బన్ తినుకుపోతే రాలిపోతాయి కూడా. స్పాంజి అయితే అంతా ఒకే అల్లిక. ఒక చోట పట్టు తప్పినా రాలిపోదు.

---

మేలిమి_ప్రొద్దుటూరు · మంగళవారం, మధ్యాహ్నం 1:15

నాకు ఫ్యూయల్ సెల్ గురించి ఏమీ తెలియదు. కానీ మీరు చెప్పే "రాగిని లాగేసి స్పాంజి మిగల్చడం" చదివి ఒళ్లు జలదరించింది. మా ఇంట్లో మూడు తరాలుగా చేసే పని అది.

తుక్కు బంగారం శుద్ధి చేయాలంటే ముందు దాంట్లో వెండి కలుపుతాం. వినేవాళ్లకి వింతగా ఉంటుంది, శుభ్రం చేయడానికి ఇంకా కల్తీ చేయడమేమిటని. బంగారం పావు వంతు, మిగతా ముప్పావు వెండి అయ్యేలా మూసలో కరిగించి, పలచటి రేకుగా సాగదీసి, తేజాబులో (నైట్రిక్ ఆసిడ్‌లో) వేసి కాస్తాం. ఎర్రటి పొగ లేస్తుంది. దాని దగ్గర నిలబడకూడదని నాన్న గుమ్మం దాటనిచ్చేవారు కాదు. పొగ ఆగాక తీసి చూస్తే రేకు ఆకారం అలాగే ఉంటుంది, కానీ పసుపు కాదు, ఇటుక పొడి రంగు. గోటితో నొక్కితే పొడి అయిపోతుంది. కొత్త కుర్రాళ్లు బంగారం పోయిందని బెదిరిపోతారు. దాన్నే కడిగి, వెలిగారం వేసి మూసలో కరిగిస్తే మళ్లీ పచ్చగా మెరుస్తూ అపరంజి వస్తుంది.

బంగారం పావు కంటే బాగా ఎక్కువైతే తేజాబు పైపైనే కొరికి ఆగిపోతుంది, లోపల వెండి అలాగే ఉండిపోతుంది. అందుకే ఆ కొలత. తేజాబులో కరిగిన వెండిని రాగి రేకు వేసి మళ్లీ రాబట్టుకుంటాం.

ఆ గోధుమ రంగు ముద్దే మీరు అంటున్న స్పాంజా?

---

నీలిమంట · మంగళవారం, మధ్యాహ్నం 2:30

మేలిమి గారూ, సరిగ్గా అదే! నేను పోస్ట్‌డాక్ చేస్తున్నాను, ఇదే రంగం. వెండి పరమాణువులు ఒక్కొక్కటే కరిగి వెళ్లిపోతుంటే, తోడు పోయిన బంగారం పరమాణువులు ఊరికే ఉండవు. పైపైన జారుతూ వెళ్లి ఒకదాన్నొకటి పట్టుకుని గుంపు కడతాయి. గుంపు కట్టిన చోట కింది వెండికి కప్పు ఏర్పడుతుంది, గుంపుల మధ్య సందులోంచి ఆసిడ్ మళ్లీ లోపలికి తవ్వుకుంటూ పోతుంది. అలా అల్లిక పుడుతుంది. దీన్ని కంప్యూటర్‌లో పరమాణువు పరమాణువుగా నడిపించి చూపించింది జోనా ఎర్లెబాకర్ బృందం, 2001లో నేచర్ పత్రికలో. మీ నాన్నగారు పట్టించుకున్న పావు కొలతకి కారణం కూడా ఇదే. బంగారం ఎక్కువైతే కప్పు మూసుకుపోయి ఆసిడ్‌కి దారి దొరకదు.

పరిశ్రమలో దీనికి పాత ఉదాహరణ రేనీ నికెల్. నికెల్, అల్యూమినియం కలిపి, క్షారంలో అల్యూమినియం కరిగించేస్తే మిగిలే నికెల్ స్పాంజి. ముర్రే రేనీ 1920ల్లో పేటెంట్ తీసుకున్నాడు. ఇవాళ్టికీ హైడ్రోజనీకరణ చర్యల్లో వాడుతున్నారు.

రంధ్రాలు పుట్టించడానికి లాగేయడం ఒక్కటే దారి కాదు. 1997లో సౌతాంప్టన్‌లో అట్టార్డ్ బృందం సబ్బులాంటి అణువులతో ద్రవ స్ఫటికపు అచ్చు కట్టి, దాని సందుల్లో ప్లాటినం నింపి, తర్వాత అచ్చు కడిగేసింది. వరసగా పేర్చిన గొట్టాల్లా రంధ్రాలు వచ్చాయి. అచ్చు పద్ధతిలో రంధ్రం సైజు మన చేతిలో ఉంటుంది, లాగేసే పద్ధతిలో చాలావరకు లోహం ఇష్టం.

---

స్టాక్_బెంచి · మంగళవారం, రాత్రి 9:48

తమ్ముడూ రంధ్రాన్వేషీ, పన్నెండేళ్లుగా స్టాకులు (సెల్‌ల దొంతరలు) కట్టి, విప్పి, మళ్లీ కడుతున్నాను. నీ పోస్టు రెండు సార్లు చదివాను. నువ్వు తప్పు చేయలేదు. నువ్వు రెండు వేరు వేరు ఊళ్లలో ఒకే ఇంటిని కొలిచావు, అంతే.

ఆర్‌డీఈలో నీ స్పాంజి ఆసిడ్‌లో మునిగి ఉంది. ఆసిడ్ ద్రవం. ప్రతి సందులోకీ, ప్రతి మూలకీ పాకుతుంది. ప్రోటాన్‌కి ఎక్కడికి కావాలన్నా దారి ఉంది. సెల్‌లో ద్రవ ఆసిడ్ లేదు. ప్రోటాన్ నడవాలంటే అయనోమర్ ఉండాలి. అది పాలిమర్, గొలుసులు గొలుసులుగా చుట్టుకుని ఉంటుంది. నీ 2, 3 నానోమీటర్ల సందులోకి దూరదు. బయట గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. లోపలి గోడల మీద నీటి పొర ఉంటే ప్రోటాన్ దాన్ని పట్టుకుని ఎలాగో నడుస్తుంది. నీరు తగ్గితే ఆ దారీ లేదు. నీ 38 చదరపు మీటర్లలో సగం ఇంట్లో ఉన్నా లేనట్టే.

రెండోది. ఆర్‌డీఈలో చదరపు సెంటీమీటరుకి గరిష్ఠంగా వచ్చేది 6 మిల్లీఆంపియర్లు, అంతకు మించి ఆక్సిజన్ ద్రవంలో అందదు. సెల్‌లో మనం అడిగేది ఒకటిన్నర ఆంపియర్లు. రెండు వందల యాభై రెట్లు. 0.9 వోల్టుల దగ్గర కొలిచిన అంకె మనిషి మెట్లు ఎక్కడం మొదలుపెట్టినప్పటి అంకె. నలభై అంతస్తులు ఎక్కాక ఊపిరి ఎలా ఉంటుందో అది చెప్పదు.

మాస్టారి పద్ధతిలోనే ఒక లెక్క. 0.1 మిల్లీగ్రాము, గ్రాముకి 38 మీటర్లు అంటే ఎలక్ట్రోడ్ మీద ప్రతి చదరపు సెంటీమీటరుకి 38 చదరపు సెంటీమీటర్ల ప్లాటినం ఉంది. మార్కెట్ పొడికి 70. ఒకటిన్నర ఆంపియర్లు లాగితే నీ ప్లాటినం ప్రతి చదరపు సెంటీమీటరు 39 మిల్లీఆంపియర్లు మోయాలి, వాళ్లది 21. అంటే ప్లాటినం మీదున్న పలచటి అయనోమర్ పొర గుండా రెండింతల ఆక్సిజన్ దూరాలి. నీ గీత 0.8 దగ్గర వంగడానికి ఇదొక్కటే సగం కారణం. ఒక్కో ప్లాటినం పరమాణువు గొప్పగా పని చేస్తోంది, కానీ పనిచేసే చోట్లు తక్కువ.

మూడోది, రెండు వారాల తర్వాత ఇంకా పడిపోయిందన్నావు. నాకు రాగి మీద అనుమానం. లోపల ఎంత మిగిలింది?

---

రంధ్రాన్వేషి · మంగళవారం, రాత్రి 10:31

అన్నా, ఈడీఎస్‌లో, అంటే ఎక్స్‌రేలతో మూలకాల పాళ్లు చూసే కొలతలో, చూస్తే ప్లాటినం నాలుగుకి రాగి ఒకటి ఉంది. కడిగిన నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగాను. ఆ కాస్త రాగే ప్లాటినం పొరల్ని దగ్గరికి లాగి చురుకు పెంచుతుందని చదివాను.

---

స్టాక్_బెంచి · మంగళవారం, రాత్రి 11:05

చదివింది నిజమే. రాగి పరమాణువు చిన్నది, అది లోపలుంటే పైనున్న ప్లాటినం కొంచెం కుదించుకుని ఆక్సిజన్‌ని కాస్త వదులుగా పట్టుకుంటుంది, పని వేగమవుతుంది. కానీ లోపల గట్టిగా కప్పు కింద ఉన్న రాగి వేరు, గోడకి ఆనుకుని ఎప్పుడు కరుగుదామా అని చూస్తున్న రాగి వేరు. రెండో రకం సెల్‌లో కరిగి మెంబ్రేన్‌లోకి, అంటే రెండు ఎలక్ట్రోడ్ల మధ్య ప్రోటాన్లని దాటించే పొరలోకి, దిగుతుంది. ఒక్కో రాగి అయాన్ రెండు ప్రోటాన్ల సీట్లు ఆక్రమించుకుంటుంది. అక్కడితో ఆగదు. సెల్ ఖాళీగా ఉన్నప్పుడు మెల్లగా ఆనోడ్ దాకా, అంటే హైడ్రోజన్ గట్టు దాకా, పాకుతుంది. ఆనోడ్ సున్నా వోల్టుల దగ్గర ఉంటుంది, రాగి 0.34 దగ్గరే లోహంగా మారిపోతుంది. శుభ్రమైన ఆనోడ్ ప్లాటినం మీద రాగి పూత! నికెల్‌తో ఈ బాధ లేదు, అది అంత తేలిగ్గా పూత పడదు. మెంబ్రేన్‌లో కూర్చుని మాత్రం అదే పని చేస్తుంది.

ఈ మూడూ చెయ్యి.

ఆనోడ్ వైపు సీవీ (వోల్టేజీని పైకీ కిందికీ ఊపుతూ కరెంటు గీసే కొలత) తీసి 0.3కి 0.7కి మధ్య కొత్త గుబ్బ ఏమైనా ఉందేమో చూడు.

నీ పొడిని ఇంకోసారి 1 మోలార్ సల్ఫ్యూరిక్ ఆసిడ్‌లో, 80 డిగ్రీల దగ్గర, గాలి బుడగలు పంపుతూ రాత్రంతా ఉంచు. వడగట్టిన నీళ్లలో అమ్మోనియా వేసి రంగు చూడు. ఇంటర్‌లో చేసిన పరీక్షే.

సీఓ స్ట్రిప్పింగ్, అంటే ప్లాటినానికి కార్బన్ మోనాక్సైడ్ పట్టించి, ఊడగొట్టి విస్తీర్ణం కొలవడం, రెండు తేమల దగ్గర చెయ్యి, 100 శాతం, 40 శాతం. విస్తీర్ణం పడిపోతే ఆ పడిపోయినంత ప్లాటినం నీటి మీద ఆధారపడి బతుకుతోందని అర్థం.

సెల్ పరీక్షించే స్టాండు ఖాళీ లేకపోతే, చెన్నైలో ఏఆర్‌సీఐ వాళ్ల ఫ్యూయల్ సెల్ కేంద్రం, కారైకుడిలో సెక్రి (కేంద్ర ఎలక్ట్రోకెమికల్ పరిశోధన సంస్థ) ఉన్నాయి. మీ సార్‌తో ఒక ఉత్తరం రాయించు.

---

ఇనుము_చాలదా · బుధవారం, ఉదయం 7:22

ఇంత ఖర్చైన లోహం, ఇంత తలనొప్పి. ఇనుము-నత్రజని-కార్బన్ కెటలిస్టులు వచ్చాయి కదా. ప్లాటినంలో ఎక్కువ భాగం దక్షిణాఫ్రికా గనుల్లోంచే రావాలి. మన డబ్బుతో మనం ఇంకో దిగుమతికి బానిసలు కావడమెందుకు?

---

నీలిమంట · బుధవారం, ఉదయం 9:10

ఆవేదన న్యాయమైనదే. వాటి మీద నేనూ రెండేళ్లు పనిచేశాను. ఒక్కో చోటు చేసే పని తక్కువ కాబట్టి పొర మందంగా వేయాలి, మందం పెరిగితే నీరు నిలుస్తుంది. ఆసిడ్‌లో నిలకడ ఇంకా తక్కువ. క్షార మెంబ్రేన్ సెల్స్‌లో వాటికి మంచి భవిష్యత్తు ఉందని నమ్ముతాను. ఆసిడ్ సెల్‌లో మాత్రం ఇవాళ దారి ప్లాటినం తగ్గించడమే, తీసేయడం కాదు.

ఇక్కడే ఇంకో మాట. రంధ్రాల లోహానికి సరైన ఇల్లు మిథనాల్, ఫార్మిక్ ఆసిడ్ సెల్స్ అని నా అభిప్రాయం. అక్కడ ఇంధనమే ద్రవం, సందుల్లోకి దానంతట అదే వెళుతుంది. ఫార్మిక్ ఆసిడ్‌కి పల్లేడియం స్పాంజి బాగా పనిచేస్తుంది. మిథనాల్‌కి ప్లాటినం-రుథేనియం. మిథనాల్ విరిగే దారిలో కార్బన్ మోనాక్సైడ్ ప్లాటినాన్ని పట్టుకుని కూర్చుంటుంది, పక్కనున్న రుథేనియం నీటి నుంచి ఆక్సిజన్ తెచ్చి దాన్ని దులుపుతుంది. అక్కడి తంటా వేరు. చర్యలో పుట్టే కార్బన్ డయాక్సైడ్ బుడగ సన్న సందుల్లో ఇరుక్కుని దారి మూసేస్తుంది. పోగులు మాత్రమే కాదు, పెద్ద వీధులు కూడా ఉండాలి.

---

డెట్రాయిట్_తెలుగు · బుధవారం, ఉదయం 10:47

ఆలస్యంగా చూశాను, ఇక్కడ రాత్రి. బండ్ల ఫ్యూయల్ సెల్ పని చేసి ఇప్పుడు వేరే విభాగంలో ఉన్నాను. స్టాక్_బెంచి అన్న చెప్పిన మాటని చరిత్రతో కలిపి చూడాలి.

1839లో విలియం గ్రోవ్ మొదటి గ్యాస్ బ్యాటరీ చేసినప్పుడు ప్లాటినం రేకుల్ని ఆసిడ్‌లో నిలబెట్టాడు. మూడూ కలిసే గీత దగ్గర, అంటే వాయువు, ద్రవం, లోహం ఒకదాన్నొకటి తాకే చోటే పని జరుగుతుందని ఆయన 1842కల్లా పట్టుకున్నాడు. 1965 ఆగస్టులో జెమినీ 5 అంతరిక్షంలోకి తీసుకెళ్లింది పాలిమర్ మెంబ్రేన్ సెల్‌నే. అందులో ప్లాటినం పులుముడు చాలా దట్టం. ఆ తర్వాత కూడా చాలాకాలం చదరపు సెంటీమీటరుకి 4 మిల్లీగ్రాములు వాడేవారు. 1980ల్లో లాస్ అలమోస్‌లో దాన్ని 0.4కి దించారు. పదో వంతు! ఎలా? కొత్త లోహం కనిపెట్టలేదు. ప్లాటినం-కార్బన్ ఎలక్ట్రోడ్‌లోకి కరిగిన నాఫియాన్ అనే అయనోమర్‌ని ఇంకించారు. అప్పటిదాకా మెంబ్రేన్‌ని తాకుతున్న ప్లాటినం మాత్రమే పనిచేసేది. ఇంకించాక లోపలి ప్లాటినానికీ ప్రోటాన్ అందింది. ఈ రంగంలో అంత పెద్ద దూకుడు ఇంకొకటి నాకు తెలియదు, అది దారి వేయడం వల్ల వచ్చింది.

ఇప్పుడు ఇటు చూడండి. 2014లో పైడాంగ్ యాంగ్, స్టమెంకోవిచ్ బృందాలు సైన్స్ పత్రికలో ప్లాటినం-నికెల్ నానోఫ్రేములు చూపించాయి. గట్టి బహుఫలకం లోపలంతా ఖాళీ అయి అంచులే మిగిలిన బొమ్మ, పందిరి గుంజల్లా. ప్లాటినం-కార్బన్ కంటే గ్రాముకి 36 రెట్లు. 2016లో గరుకు అంచుల నానోతీగలు మిల్లీగ్రాముకి 13.6 ఆంపియర్లు ఇచ్చాయి. అమెరికా ఇంధన శాఖ పెట్టుకున్న లక్ష్యం 0.44. ముప్పై రెట్లు దాటేశాయి, బీకర్‌లో. ఆ పత్రాలు చదివిన రోజుల్లో మా ఆఫీసులో పండగ వాతావరణం. కానీ బండిలోకి వచ్చినవి అవి కావు. 2014 డిసెంబరులో అమ్మకానికొచ్చిన మొదటి టొయోటా మిరాయ్ కారు కేథోడ్‌లో ఉన్నది ప్లాటినం-కోబాల్టు కణాలు.

నా ఉద్దేశం రంధ్రాలు వృథా అని కాదు. రంధ్రం ఎక్కడ ఉండాలన్నది ప్రశ్న. చాలామంది ఇప్పుడు రంధ్రాన్ని లోహంలో కాక కింది కార్బన్‌లో పెడుతున్నారు. ప్లాటినం కణం కార్బన్ రంధ్రం లోపల కూర్చుంటే అయనోమర్ దాన్ని తాకదు. తాకకపోవడమే మేలు, ఎందుకంటే అయనోమర్‌లోని సల్ఫోనేట్ ప్లాటినానికి అతుక్కుని చురుకు తగ్గిస్తుంది. రంధ్రం నోరు మాత్రం కొన్ని నానోమీటర్లు తెరిచి, లోతు తక్కువ ఉండాలి. ఆక్సిజన్ లోపలికి, నీరు బయటికి రావాలి.

ఇదే ఆలోచన లోహపు స్పాంజికీ పనికొస్తుంది. 2010లో స్నైడర్, ఎర్లెబాకర్ బృందం నికెల్-ప్లాటినం స్పాంజి సందుల్లో అయానిక్ ద్రవం (ద్రవంగా ఉండే ఉప్పు) నింపింది. ఆక్సిజన్ ఆసిడ్‌లో కంటే ఆ ద్రవంలో ఎక్కువ కరుగుతుంది. సందుల్ని శాపం అనుకోకుండా వాటిలో ఏం నింపాలా అని ఆలోచించారు వాళ్లు.

---

స్టాక్_బెంచి · బుధవారం, మధ్యాహ్నం 12:15

లాస్ అలమోస్ మాట నా నోట్లోంచి లాక్కున్నావు. కొత్తగా చేరే పిల్లలకు మొదటి రోజు నేను చెప్పేది అదే.

---

రంధ్రాన్వేషి · పై వారం ఆదివారం, సాయంత్రం 6:20

పదకొండు రోజుల తర్వాత వస్తున్నాను, క్షమించండి. చెప్పడానికి చాలా ఉంది.

ముందు రాగి. పొడిని రాత్రంతా వేడి ఆసిడ్‌లో ఉంచి పొద్దున్నే వడగట్టాను. నీళ్లు తేటగానే ఉన్నాయి. టెస్ట్‌ట్యూబ్‌లో కొంచెం తీసుకుని అమ్మోనియా చుక్కలు వేశాను. మొదట్లో ఏమీ లేదు, ఆసిడ్ తీరాక ఒక్కసారిగా పైనుంచి నీలి తెర దిగింది. నెమలి మెడ రంగు. "తేటగా వచ్చేదాకా కడిగాను" అని ఇక్కడ రాసిన మాట గుర్తొచ్చి అలాగే చూస్తూ నిలబడ్డాను. పాత ఎంఈఏ ఆనోడ్ సీవీలో గుబ్బ కూడా ఉంది, అన్న చెప్పిన చోటే.

కొత్త పొడితో కొత్త ఎంఈఏ కట్టాను. 0.9 వోల్టుల చురుకు కాస్త తగ్గింది, నాలుగింతలు కాదు, మూడింతలకు దగ్గర. కానీ 100 శాతం తేమ దగ్గర 1.2 ఆంపియర్ల దాకా మార్కెట్ పొడితో భుజం భుజం కలిపి నడిచింది. వారం తర్వాతా పెద్దగా పడలేదు.

40 శాతం తేమ దగ్గర మాత్రం ఇంకా ఓటమే. సీఓ స్ట్రిప్పింగ్‌లో విస్తీర్ణం దాదాపు సగానికి పడిపోయింది. సన్న సందుల్లో ప్రోటాన్ నడవడం లేదు, ఇక అనుమానం లేదు. సందుల్ని పెద్దవి చేద్దామని పొడిని వేడి చేస్తే పోగులూ లావెక్కుతున్నాయి, విస్తీర్ణం పోతోంది. ఏం చేయను?

---

నీలిమంట · ఆదివారం, రాత్రి 7:05

వేడి చేయకండి. పరమాణువులు పైపైన జారి స్పాంజి ముతకబడుతుంది, బంగారం అంత త్వరగా కాకపోయినా ప్లాటినం కూడా ముతకబడుతుంది. సందుని కాదు, కణాన్ని మార్చండి. 40 నానోమీటర్ల కణం బదులు 15 నానోమీటర్లది తీసుకోండి. అదే సందు ఉంటుంది, కానీ గుమ్మం నుంచి నడిబొడ్డుకి దూరం 20 బదులు ఏడున్నర. ప్రోటాన్‌కి, ఆక్సిజన్‌కి ఇద్దరికీ నడక తగ్గుతుంది. మరీ 10 కంటే కిందికి పోతే అసలు సందులే పుట్టవు, రాగి పోయి గట్టి గుండు మిగులుతుంది.

---

లెక్కల_మాస్టారు · ఆదివారం, రాత్రి 7:40

విసరణకి పట్టే కాలం దూరం వర్గంతో పెరుగుతుంది. 20కి బదులు ఏడున్నర అంటే ఏడో వంతు కాలం. నీలిమంట చెప్పింది బాగుంది.

మేలిమి గారికి ఒక హెచ్చరిక. ఈ అమ్మోనియా పరీక్ష చదివి మీ వెండి కరిగిన తేజాబులో చేయకండి. వెండి ద్రావణంలో అమ్మోనియా కలిపి నిల్వ ఉంచితే పేలే పదార్థం పుడుతుంది. రాగి రేకు పద్ధతే మీకు క్షేమం.

---

మేలిమి_ప్రొద్దుటూరు · ఆదివారం, రాత్రి 8:12

చాలా మంచి మాట చెప్పారు మాస్టారూ, మా తమ్ముడికీ చూపించాను.

రంధ్రాన్వేషి గారూ, ఒకటి అడగనా? ఆ వడగట్టిన కాగితాలు, కడిగిన నీళ్లు, పాడైపోయిన సెల్లు ఏం చేస్తున్నారు? మా కొట్టు ఊడ్చిన దుమ్ము కూడా మేం పారేయం. ఏడాదికోసారి కాల్చి, కడిగి, బంగారం తీస్తాం.

---

రంధ్రాన్వేషి · ఆదివారం, రాత్రి 8:30

కాగితాలు డస్ట్‌బిన్‌లోకి వెళ్లాయి, ఒప్పుకుంటున్నాను. పాత ఎంఈఏలు పదిహేడు సొరుగులో ఉన్నాయి. కాల్చితే వస్తుందా?

---

స్టాక్_బెంచి · ఆదివారం, రాత్రి 8:34

కాల్చకు! మెంబ్రేన్ నిండా ఫ్లోరిన్. మంటలో పెడితే హైడ్రోజన్ ఫ్లోరైడ్ వస్తుంది, ఊపిరితిత్తుల్నీ కళ్లనీ తినేస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్లు సగం సగం కలిపి నానబెట్టు. మెంబ్రేన్ ఉబ్బి పూత వదులవుతుంది. మెత్తటి బ్రష్‌తో తోస్తే నల్లటి పొడి దిగుతుంది. దాన్ని అడుగుకి పేరనిచ్చి, ఆరబెట్టి, సీసాలో పెట్టు. ఫ్యూమ్ హుడ్ కింద, మంటకి దూరంగా. పదిహేడు కలిపితే ఎక్కువేమీ రాదు, కానీ మీ ల్యాబ్‌లో అందరివీ కలిపితే ఏడాదికి ఒక సీసా అవుతుంది.

---

రంధ్రాన్వేషి · ఆదివారం, రాత్రి 9:50

మొదటి మూడు నానబెట్టాను. పూత పొరలు పొరలుగా లేచి వస్తోంది. సీసాకి లేబుల్ అంటించాను. 15 నానోమీటర్ల కణాల పని రేపు పొద్దున మొదలుపెడుతున్నాను. మా సార్ పేపర్‌లో సెల్ డేటా కూడా, ఓడిపోయిన 40 శాతం తేమ గీతతో సహా, పెడదామన్నారు.